ఆ మూడు గంటలూ పాపవే

ప్రశ్న: మాది వనస్థలిపురం, ఆఫీసు గచ్చిబౌలిలో. పాపకు ఏడో నెల. ప్రసూతి సెలవు అయిపోతోంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌కు మేనేజరు సరేనన్నారు. మావారేమో ‘కళ్లెదుట లేకపోతే ప్రమోషన్ రాదు, ఆఫీసుకే వెళ్లు, పాపను అమ్మ చూసుకుంటుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: ఇంటి నుంచే చెయ్యండమ్మా. మెట్రో రాకముందు నేను ఆరేళ్లు ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు బస్సుల్లో తిరిగాను. పొద్దున నేను బయల్దేరేసరికి మా బాబు నిద్రలో ఉండేవాడు, రాత్రి తిరిగొచ్చేసరికి మళ్లీ నిద్రే. వాడు తొలి అడుగు వేసిన సాయంత్రం నేను బేగంపేట ట్రాఫిక్‌లో, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అత్తగారు ఫోన్‌లో చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

మీకు మెట్రో ఉంది, నిజమే. అయినా ఎల్బీనగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకోవాలి. ఎంత లేదన్నా పోను గంటన్నర, రాను గంటన్నర. నెలకు 22 రోజులు వేసుకుంటే 66 గంటలు. పైగా మీరు పాలిచ్చే తల్లి. అమీర్‌పేట రద్దీలో పాలు చేపుకొచ్చి బట్టలు తడిస్తే, చున్నీ కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడ్డ అమ్మాయిని చూశాను. ఆ అవస్థ మీకెందుకు?

మేనేజరు దయ తలిచారని మొహమాటపడకండి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవును 26 వారాలకు పెంచారు. సెలవయ్యాక, పని అలాంటిదైతే, ఇద్దరూ ఒప్పుకున్న షరతులపై ఇంటి నుంచి చేసే వీలునూ అందులోనే రాశారు. ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రోజులు అన్నది మాత్రం మెయిల్‌లో తెప్పించుకోండి.

మీవారి భయం ఉత్తదేం కాదు. ముఖ్యమైన రివ్యూ ఉన్న రోజు ఆఫీసుకు వెళ్లి రండి, చేసిన పని వారం వారం రాసి పంపండి. అది చాలు.

నా దిగులంతా ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అనే మాట గురించే. కొరియర్ తీసుకోవడం, కుక్కర్ దించడం, చుట్టాలకు కాఫీ, అన్నీ మీ మీదే పడతాయి. చేరకముందే మీవారిని కూర్చోబెట్టి మాట్లాడండి. ఆఫీసుకు వెళ్తే చూసుకుంటానన్న అత్తగారు, మీరు పక్క గదిలో ఉన్నా పాపను చూసుకోవాలి. పిల్లను ఒళ్లో పెట్టుకుని పని చేయడం ఎవరివల్లా కాదు, పనీ సాగదు, పాపా ఊరుకోదు.

పాలిచ్చే వేళలను క్యాలెండర్‌లో మీటింగుల్లాగే బ్లాక్ చేసుకోండి. పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి. ఆ ఇరవై నిమిషాలు ఎవరడిగినా ఇవ్వకండి.