ఫ్లోరిడా మడ అడవుల్లో గైడ్ పడవ మీద చేపల వేట: ఆ డబ్బు దండగా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏప్రిల్‌లో మీరూ మీ శ్రీమతీ చెన్నై నుంచి ఫ్లోరిడాలోని కూతురింటికి వెళ్తున్నారు. అల్లుడు ఎవర్‌గ్లేడ్స్ వైపు మడ అడవుల్లో చేపల వేటకు గైడ్ పడవ మాట్లాడతానంటున్నాడు. ఒక పూటకు ఐదారు వందల డాలర్లని వినేసరికి మీకు గుండె గుభేలుమంది. వంతెన మీద నిలబడి గాలం వేస్తే చేప పడదా అని మీ ప్రశ్న.

పడుతుంది. కానీ ఆ చేప వేరు, ఈ చేప వేరు. ఒక్క పూట, అదీ రోజు చూసుకుని వెళ్తే ఈ ఖర్చు దండగ కాదు. రోజు చూసుకోకుండా వెళ్తే పూర్తిగా దండగే. రెండూ నాకు అనుభవమే.

మాది నెల్లూరు వైపు. చెన్నైలో స్థిరపడి ఇరవై ఆరేళ్ళు. కోవళం దగ్గర ముట్టుకాడు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఎన్ని ఆదివారాలు గాలం పట్టుకుని నిలబడ్డానో లెక్కలేదు. అందుకే మయామీలో ఉన్న మా అబ్బాయి గైడ్ మాట ఎత్తగానే, నాకు చేపలు పట్టడం నేర్పేవాడు ఒకడా అని నవ్వాను. 2022 డిసెంబరులో, వాడికి సెలవు కుదిరిన శనివారం పూట వెళ్ళాం. మయామీ నుంచి ఎవర్‌గ్లేడ్స్ సిటీకి కారులో గంటన్నర. పేరుకు సిటీ గానీ చిన్న ఊరు. నాలుగు గంటలు తిరిగితే దొరికినవి రెండు జెల్లలు, అరచేతిలో పట్టేంత స్నాపర్ చేప ఒకటి. ఉత్తరపు గాలికి నీళ్ళు చల్లబడి ఉన్నాయి. ఆ పైన పోటూ ఆటూ అన్నవి లేనట్టే ఉన్నాయి. ఆ గైడ్ చెడ్డవాడని అనను, కష్టపడ్డాడు కూడా. కానీ ఆ పూట నీళ్ళు కదలవని అతనికి ముందే తెలుసు, మాకు చెప్పలేదు. అది మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇంటికొచ్చాక క్యాలెండర్ తీసి చూస్తే ఆ రోజు బహుళ నవమి. మనకు తెలియని విషయమేమీ కాదు: అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి చుట్టుపక్కల చిన్నది. అష్టమి నాడు ప్రయాణం పెట్టుకోవద్దని మా అమ్మ అనేది. ఆవిడ కారణాలు వేరే అయినా, మడ అడవి వేట విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. అక్కడి వాగుల్లో నీళ్ళు లోపలికి వస్తున్నప్పుడో బయటికి పోతున్నప్పుడో చిన్న చేపలూ రొయ్యలూ ఆ ప్రవాహంలో కొట్టుకువస్తాయి. పెద్ద చేప వేర్ల చాటున నిలబడి నోటి ముందుకు వచ్చినదాన్ని అందుకుంటుంది. నీళ్ళు ఆగితే దానికి ఆకలీ ఆగుతుంది. అందుకని అల్లుడి సెలవును బట్టి కాకుండా పోటును బట్టి తేదీ ఖాయం చేసుకోండి. తిథి చూడటం ఉజ్జాయింపుకే. గంటలు తెలియాలంటే అక్కడి ప్రభుత్వ సంస్థ నోవా ఇచ్చే పోటు పట్టిక చూడాలి. సముద్రపు ముఖద్వారం దగ్గర పోటు వచ్చిన చాలాసేపటికి గానీ లోపలి వాగుల్లోకి రాదు. ఎంత ఆలస్యం, ఏ వాగులో అన్న లెక్క గైడ్ తలలో ఉంటుంది. మీరు డబ్బిచ్చేది చాలావరకు ఆ లెక్కకే.

రెండోసారి 2024 ఏప్రిల్‌లో, చైత్ర పౌర్ణమి మర్నాడు వెళ్ళాం. ఈసారి గైడ్ వేరే ఆయన, నడివయసు దాటినవాడు, మాట తక్కువ. అక్కడ గైడ్‌ను కెప్టెన్ అంటారు. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకోవాలంటే కోస్ట్ గార్డ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. పడవ జానెడు నీళ్ళలో కూడా తేలే రకం. చిక్కటి టీ డికాషన్ రంగు నీళ్ళు. మడ ఆకులు నాని దిగిన రంగు అది. ఒక మలుపు దగ్గర ఆయన మోటారు ఆపేసి, దాని పైన బిగించిన చిన్న మంచె మీదికి ఎక్కి, ఇరవై అడుగుల ఫైబర్ గెడ చేత్తో పట్టాడు. బకింగ్‌హాం కాలువలో మా తాతగారి కాలపు పడవలను గెడ వేసి నడిపేవారని వింటూ పెరిగినవాణ్ణి నేను. ఏడు సముద్రాలు దాటి వెళ్ళి, లక్షలు పోసే పడవను మళ్ళీ గెడతో నడపడం చూసి నవ్వొచ్చింది. గెడ అడుగున తగిలే చప్పుడు కూడా రానివ్వలేదాయన.

అంతలో "పదకొండు గంటలు, నలభై అడుగులు" అన్నాడు. నేను వెంటనే చేతి గడియారం చూసుకున్నాను. మా అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. పడవ ముక్కు పన్నెండు గంటలు అనుకోవాలట; పదకొండంటే చేప కొంచెం ఎడమకు ఉందని. ఇది మీకు ముందే తెలిసి ఉంటే నాలా నవ్వులపాలు కారు.

అసలు నవ్వులపాలు తర్వాత అయ్యాను. అక్కడి వేటంతా గురి. మడ చెట్టు ఊతవేర్లకు మూర దూరంలో, వాలిన కొమ్మ కిందుగా ఎర పడాలి. కోవళంలో సముద్రం మీదికి ఎంత దూరం విసిరితే అంత గొప్ప. ఆ చేతివాటం ఇక్కడ పనికిరాదు. మొదటి గంటలో తొమ్మిదిసార్లు కొమ్మలకు తగిలించాను. ప్రతిసారీ ఆయన మాట్లాడకుండా పడవను చెట్టు దగ్గరికి తోసి, కొక్కెం విడిపించి, అక్కడి చేపలు ఎలాగూ బెదిరాయి గనుక ఇంకో మలుపుకు తీసుకెళ్ళేవాడు. నా చేతకానితనానికి నా డబ్బే ఖర్చయింది. అందుకని మీరు ఇప్పటి నుంచే సాయంత్రం పూట మేడ మీద బక్కెట్టు పెట్టి, దారం చివర కొక్కెం లేకుండా సీసపు గుండు మాత్రమే కట్టి, ఇరవై అడుగుల నుంచి అందులో పడేలా విసరడం సాధన చేయండి. పక్కింటివాళ్ళు ఏమనుకున్నా సరే.

పదో విసురు కుదిరింది. బతికున్న చిన్న చేప ఎర. అది నీళ్ళలో పడిందో లేదో కొమ్మ కింద ఫెళ్ళున చప్పుడు, దారం వేర్ల వైపు పరుగు. కెప్టెన్ అప్పటిదాకా దాచుకున్న గొంతంతా అప్పుడు బయటపెట్టాడు: వేర్లలోకి పోనివ్వద్దు, గాలం కర్ర పక్కకు వంచు అని. వేర్లకు అంటుకుని ఉన్న ఆలిచిప్పలకు రాసుకుంటే దారం దూదిపోగులా తెగిపోతుంది. పడవ దగ్గరికి వచ్చాక చూస్తే స్నూక్. వెండి ఒళ్ళు, చెవి దగ్గర నుంచి తోక కొస దాకా కాటుకతో గీసినట్టు నల్లటి గీత, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ. గీత ఒక్కటి తీసేస్తే అచ్చం మన పండుగప్ప, ఇక్కడి తమిళంలో కొడువా. మొప్ప రెప్ప అంచు బ్లేడులాంటిది, వేలు పెట్టకండి.

కొలిస్తే 34 అంగుళాలు. ఆ తీరంలో 28 నుంచి 33 అంగుళాల మధ్య ఉన్న స్నూక్‌నే ఉంచుకోవచ్చు, అదీ సీజన్‌లో, మనిషికి రోజుకు ఒకటి. ఒక్క అంగుళం ఎక్కువైనందుకు వదిలేయాలా అని నా ముఖం మాడింది. కారణం విన్నాక మాడలేదు. స్నూక్ మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. పెద్ద చేపలన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. మన పండుగప్పదీ ఇదే కథ. ముట్టుకాడులో ఉప్పునీటి చేపల పెంపకం మీద పనిచేసే కేంద్ర సంస్థ సీబా క్షేత్రం ఉంది కదా, 1997లో మన దేశంలో మొదటిసారి పండుగప్పను చెరలో ఉంచి పిల్లలను పుట్టించింది ఆ సంస్థే. ఆ దారిన ఎన్నేళ్ళు తిరిగినా పట్టించుకోని సంగతి, ఫ్లోరిడాలో చేప చేతిలో ఉండగా తలకెక్కింది. మరో మాట: స్నూక్ చలికి తట్టుకోలేదు. 2010 జనవరి చలికి ఫ్లోరిడాలో అవి కుప్పలుగా చచ్చిపోయాయి. మా డిసెంబరు యాత్ర ఎందుకు తుస్సుమన్నదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మీరు ఏప్రిల్‌లో వెళ్తున్నారు, అదృష్టం. సైజులూ సీజన్లూ మారుతుంటాయి గనుక ఆ వారం నియమం ఏమిటో గైడ్‌నే అడగండి.

ఇక డబ్బు. మేము నాలుగు గంటలకు 550 డాలర్లు ఇచ్చాం. అది పడవకు, తలకు కాదు. గాలం కర్రలు, ఎర, ఐసు అన్నీ అందులోనే. వేట లైసెన్సు కూడా విడిగా కొననక్కర్లేదు, పడవకున్న లైసెన్సే ప్రయాణికులకూ సరిపోతుంది. దిగేటప్పుడు 15 నుంచి 20 శాతం బక్షీసు ఇవ్వడం అక్కడి మర్యాద, అది లెక్కలో వేసుకోండి. వంతెన మీద అయితే బయటి నుంచి వచ్చిన మీకు లైసెన్సు కావాలి: మూడు రోజులకు 17 డాలర్లు, వారానికి 30. ఫ్లోరిడా నివాసి అయిన అల్లుడికి ఒడ్డు నుంచి పట్టేది ఉచితమే, కానీ పేరు నమోదు చేసుకోవాలి. గైడ్ పూట అయ్యాక మిగిలిన రోజులన్నీ వంతెన మీదికే వెళ్ళండి. ఆయన దగ్గర చూసిన కిటుకులు అక్కడా పనికొస్తాయి.

ఫోనులో మాట్లాడేటప్పుడు గైడ్‌ను మొదట అడగవలసింది, ఆ పూట పోటు ఎప్పుడు తిరుగుతుంది అని. తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి. మీ చేతివాటం గురించి గొప్పలు చెప్పకండి, రాదని చెప్తే దానికి తగ్గ చోటికే తీసుకెళ్తాడు. మీ శ్రీమతి కూడా వస్తే గెడ వేసే సన్న పడవ వద్దు, ముగ్గురు నలుగురు సౌకర్యంగా కూర్చునే కొంచెం పెద్ద పడవ అడగండి. చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదు. ఈ మాట ముందే చెప్పనందుకు మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి: కంటికి ఆనని పురుగులు కొన్ని గాలి పడిపోయిన క్షణంలో వచ్చి కుడతాయి, మన దోమలే నయమనిపిస్తాయి.

వండుకోవడానికి ఏమీ మిగలదా అంటారేమో. చివరి గంటలో మాకు మడ వేర్ల దగ్గర మంచి సైజు స్నాపర్లు నాలుగు దొరికాయి, మన సంకరా చేప వంశమే. రేవులో కెప్టెన్ బల్ల మీద పెట్టి ముళ్ళు లేకుండా రెండు పక్కలా కండ తీసి, తలలూ వెన్నుముళ్ళూ పారేయబోయాడు. చుట్టూ పెలికాన్లు వరుసగా కూర్చుని చూస్తున్నాయి. ఆగండాగండి, తలలు నాకు కావాలి అన్నాను. ఆ రోజు ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడింది అప్పుడొక్కసారే. ఏం చేసుకుంటారు అని అడిగితే పులుసు గురించి పావుగంట చెప్పాను. తలలన్నీ శుభ్రంగా కడిగి ఐసు సంచిలో వేసి ఇచ్చాడు. మీ అమ్మాయి ఇంట్లో చింతపండు ఉందో లేదో మాత్రం ముందురోజే చూసుకోండి. మాకు ఆ రాత్రి నిమ్మకాయతో సరిపెట్టుకోవలసి వచ్చింది.