చైనాలో తొలగించిన రాతల్ని నెటిజన్లు ఎలా బతికిస్తారు?

2020 మార్చి 10 దీనికి మంచి ఉదాహరణ. కొత్త వైరస్ గురించి హెచ్చరించినందుకు ఆసుపత్రిలో చీవాట్లు తిన్నానని వూహాన్ డాక్టర్ ఐ ఫెన్ చెప్పిన ఇంటర్వ్యూ ‘రెన్‌వు’ పత్రికలో వచ్చింది. గంటల్లోనే మాయమైంది. జనం దాన్ని వెంటనే వెనక నుంచి ముందుకు తిప్పి రాశారు, ఎమోజీల్లోకి, మోర్స్ కోడ్‌లోకి మార్చి పంచారు. సెన్సారు వాడే వడపోత సాఫ్ట్‌వేర్ వెతికేది తెలిసిన అక్షరాల వరుసను. వరుస చెదిరితే యంత్రం తడబడుతుంది, మనిషి మాత్రం కూడబలుక్కుని చదువుకుంటాడు.

మామూలు రోజుల్లో ఒకేలా వినిపించే మాటలే ఆసరా. చైనీస్‌లో ‘సామరస్యం’, ‘నది పీత’ రెండూ దాదాపు ఒకేలా పలుకుతాయి, పలికే స్వరంలోని ఎత్తుపల్లం ఒక్కటే తేడా. ప్రభుత్వం ‘సామరస్య సమాజం’ అంటూ పోస్టులు తీసేస్తుంటే, ‘నా పోస్టును పీత చేశారు’ అనడం వాడుకైంది. తియానన్మెన్ నిరసనలను సైన్యం అణచివేసిన 1989 జూన్ 4కు ‘మే 35’ అని పేరు పెట్టారు. అదీ నిషేధానికి గురయ్యాక ‘ఎనిమిది వర్గం’ అన్నారు, అంటే 8×8 = 64, ఆరో నెల నాలుగో తేదీ. అసలు చిక్కు ఇదే: సంకేతం పదిమందికీ తెలిస్తే సెన్సారుకూ తెలుస్తుంది, తెలియకపోతే కొత్తవాళ్లకు అర్థం కాదు.

మూలప్రతి దాచడానికి, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్ వాడారు. ఏ పేజీ చూస్తున్నారో బయటివారికి కనబడనివ్వని ఎన్‌క్రిప్షన్ వల్ల అందులో ఒక్క పేజీని ఆపడం కుదరదు, సైటంతా మూస్తే ప్రోగ్రామర్ల పని నిలిచిపోతుంది. మనుషులకు మాత్రం ఆ రక్షణ లేదు. అలా భద్రపరిచిన ఇద్దరు యువకులను 2020 ఏప్రిల్‌లో బీజింగ్‌లో నిర్బంధించారు, 15 నెలల శిక్ష పడింది.