జీతాన్ని బట్టి అప్పు కట్టే చట్టం వస్తుందని ఆగాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి డిగ్రీకి 30 వేల డాలర్ల ఫెడరల్ లోన్ తీసుకుంది, ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. జీతాన్ని బట్టి కట్టే కొత్త ప్లాన్ చట్టమైందని, ఇంకొన్నాళ్లకి ఆస్ట్రేలియాలోలాగా జీతంలోంచే కోసేసుకునే చట్టం కూడా వస్తుందని మా మరిది అంటున్నాడు. అప్పటిదాకా ఏమీ కట్టొద్దట. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఆగమంటారా?
- ఒక తల్లి

జవాబు: ఆగొద్దండీ. మీ మరిదిగారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, రెండో సగం ఆయన ఆశ. ఆ ఆశ నాకూ ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కిస్తీలు ఆపేస్తే అమ్మాయి మునిగిపోతుంది. 270 రోజులు కట్టకపోతే ఫెడరల్ లోన్ డిఫాల్ట్ కింద పడుతుంది, ఆ తర్వాత కోర్టుకి కూడా వెళ్లకుండానే ప్రభుత్వం ఆమె చేతికొచ్చే జీతంలో 15 శాతం దాకా పట్టుకోవచ్చు, ట్యాక్స్ రిఫండ్ కూడా లాగేసుకోవచ్చు.

జీతంలోంచి కోసుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. విస్కాన్సిన్ నుంచి ప్రతినిధుల సభకి గెలిచిన టామ్ పెట్రి 2012లోనే అలాంటి బిల్లు పెట్టారు. కనీస బతుకుతెరువుకి కావలసింది పక్కన పెట్టి, దానిపైన వచ్చే ఆదాయంలో 15 శాతం యజమానే ట్యాక్స్‌తో పాటు కట్ చేసి పంపాలి, వడ్డీకి ఒక హద్దు ఉండాలి, మాఫీ మాత్రం లేదు. 2014లో సెనేటర్లు మార్క్ వార్నర్, మార్కో రూబియో (ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్) ఇంకో బిల్లు తెచ్చారు, 10 వేల డాలర్లు దాటిన ఆదాయం మీద 10 శాతం అని. రెండూ చట్టం కాలేదు. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే డిఫాల్ట్ అయ్యేవాళ్లలో చాలామంది ఎగ్గొట్టాలనుకునేవాళ్లు కాదు, ఆదాయం తక్కువై, ఫారాలు అర్థంకాక, లోన్ చూసే కంపెనీ మారిపోయి ఉత్తరం అందక పడిపోయేవాళ్లు. వాళ్లలో కొందరికి పాత ప్లాన్లలో ఆదాయం చూసి లెక్కేస్తే నెలకు కట్టాల్సింది సున్నానే. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఈ పని ట్యాక్స్ ఆఫీసు చేస్తోంది, ఆదాయం హద్దు దాటితేనే వసూలు, దాటకపోతే ఎవరూ తలుపు తట్టరు.

ఇక 2025 జూలై 4న సంతకమైన చట్టంలో వచ్చింది రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్, అందరూ ర్యాప్ అంటున్నారు, 2026 జూలై 1 నుంచి అమలు. ఇందులో జీతంలోంచి కోత లేదు. ట్యాక్స్ రిటర్న్‌లో ఉండే ఏజీఐని (కొన్ని మినహాయింపులు పోగా మిగిలే ఏడాది ఆదాయం) బట్టి అందులో 1 నుంచి 10 శాతం, ఎంత తక్కువ ఆదాయమున్నా నెలకి కనీసం 10 డాలర్లు. పిల్లలున్నవాళ్లకి ఒక్కో బిడ్డకీ నెలకి 50 డాలర్లు తగ్గిస్తారు. అమ్మాయి ఏజీఐ 48 వేలు అనుకుంటే 4 శాతం, అంటే నెలకి 160. వడ్డీ ఐదున్నర శాతమైతే నెలకి 137 దాకా దానికే పోతుంది, అసల్లో తగ్గేది 22 చిల్లర. టైముకి కట్టినందుకు ప్రభుత్వం ఇంకో 27 చిల్లర కలిపి అసలు 50 తగ్గేలా చూస్తుంది. వడ్డీకి కూడా చాలనంత చిన్న కిస్తీ అయితే ఆ మిగిలిన వడ్డీని మాఫీ చేస్తారు. నిజంగా మంచి పని ఇది, నెలనెలా కడుతూ కూడా అప్పు పెరగడం చూసినవాళ్లకి ఆ కడుపుమంట తెలుసు.

కానీ నాకు నచ్చనిది కూడా చెప్పాలి. శాతం మొత్తం ఆదాయం మీద వేస్తారు, హద్దు దాటిన భాగం మీద కాదు. 50 వేల దగ్గర నెలకి 167, ఒక్క డాలర్ పెరిగితే 5 శాతమై 208. జీతం పెరిగిందని సంతోషించేలోపు కిస్తీ 40 డాలర్లు ఎగబాకుతుంది! పైగా ఆ శ్లాబులు ధరలతో పాటు పెరగవు. మాఫీ కోసం 30 ఏళ్లు కట్టాలి. ఆదాయాన్ని బట్టే కట్టే పాత ప్లాన్ ఐబీఆర్‌లో, 2014 జూలై తర్వాత మొదటిసారి అప్పు తీసుకున్నవాళ్లకి 20 ఏళ్లే. అదే 48 వేలకి ఐబీఆర్‌లో నెలకి 204 దాకా వస్తుంది (ఒంటరిగా ఉంటే, 2025 పేదరిక రేఖ ప్రకారం), అంటే నెలకి ఎక్కువ, గడువు తక్కువ. అయినా 30 వేల అప్పుకి మాఫీ దాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు, జీతం పెరిగితే ముందే తీరిపోతుంది.

అమ్మాయికి రెండు పనులు చెప్పండి. దరఖాస్తు చేసేటప్పుడు ట్యాక్స్ వివరాలు ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) నుంచి నేరుగా తీసుకోవడానికి ఒప్పుకుంటే ఏటా ఫారాల గొడవ చాలావరకు తప్పుతుంది, ఆ టిక్కు మర్చిపోకూడదు. రెండోది, మాస్టర్స్ ఆలోచన ఉంటే జాగ్రత్త. 2026 జూలై 1 నుంచి ఒక్క కొత్త ఫెడరల్ లోన్ తీసుకున్నా పాత అప్పుకి కూడా ఐబీఆర్ పోతుంది, ఆదాయాన్ని బట్టి కట్టాలంటే ర్యాప్ ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకి నా పేరు మీద పేరెంట్ ప్లస్ లోన్ తీసుకున్నాను. ర్యాప్ నాకూ వస్తుందా?
- ఒక తండ్రి

జవాబు: రాదు సార్. తల్లిదండ్రుల లోన్లని ర్యాప్‌లోంచి పూర్తిగా తీసేశారు. పాత లోన్‌ని 2026 జూలై 1 లోపు కన్సాలిడేట్ చేసినవాళ్లకి (అంటే పాత అప్పుని కొత్త లోన్ కిందికి మార్చుకున్నవాళ్లకి) ఐసీఆర్ అనే ఇంకో పాత ప్లాన్ ద్వారా ఐబీఆర్‌లోకి వెళ్లే దారి పెట్టారు, ఆ తేదీ దాటితే అదీ లేదు. రిటైర్మెంట్ దగ్గర పడ్డవాళ్లకి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మీది కన్సాలిడేట్ అయిందో లేదో, ఏ తేదీన అయిందో ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలో ఈ రోజే చూసుకోండి.