టీవీ కామెడీ స్టేజీ మీద ఎందుకు పండదు? 45 నిమిషాల నాటికగా ఎలా మలచాలి?

కావలి దగ్గర మీ ఊరి తిరునాళ్లలో టీవీ కమెడియన్ల ధోరణిలో నాలుగు స్కిట్లు వరసగా వేస్తే, మూడోదానికే జనం లేచిపోయారని రాశారు. ఈసారి అదే తరహా ఇంటి కామెడీని ఒకే 45 నిమిషాల నాటికగా ఆడాలనుకుంటున్నారు. నటులు ఆరుగురు, స్టేజీ ఆరుబయట. దానికి తగ్గట్టే చెబుతాను.

టీవీలో పంచ్ పడగానే కెమెరా నవ్వుతున్న జడ్జి మీదికో, బిత్తరపోయిన నటుడి ముఖం మీదికో పోతుంది. చూసేవాడి నవ్వులో సగం అక్కడే పుడుతుంది. పేలని మాటను ఎడిటింగులో తీసేస్తారు. స్టేజీకి ఈ రెండు సాయాలూ లేవు. ఇరవయ్యో వరసలో కూర్చున్న పెద్దాయనకు మీవాడి కనుబొమ్మ కనిపించదు. పేలని మాట పేలనట్టే అందరి ముందూ పడి ఉంటుంది.

పైగా స్కిట్లు నాలుగైతే జనం నాలుగుసార్లు కొత్త మనుషుల్ని పరిచయం చేసుకోవాలి. మీకు జరిగిన నష్టం అదే. ఒకే ఇల్లు, ఒకే అబద్ధం పెట్టుకోండి. బ్రిటిష్ హాస్యనటుడు జాన్ క్లీస్ హోటల్లో నడిచే తన టీవీ కామెడీ సీరియల్ ఫాల్టీ టవర్స్‌ను 2024లో లండన్ అపోలో థియేటర్‌కు తెచ్చినప్పుడు, ఉన్న 12 ఎపిసోడ్లలో మూడింటినే తీసుకుని ఒకే నాటకంగా అల్లాడు. మీరూ అట్లాగే చేయొచ్చు. ఉదాహరణకు మామ ఇచ్చిన గేదెను అల్లుడు అమ్మి, ఆ డబ్బు రొయ్యల గుంటలో పెట్టాడు. మామ చెప్పకుండా దిగి పాలు అడిగాడు. ఇక ఇంటికి ఎవరొచ్చినా కాఫీ పెట్టాలి, కాఫీ పెట్టిన ప్రతిసారీ అబద్ధం ఒక మెట్టు పైకెక్కాలి. మొదట ప్యాకెట్ పాలు చెంబులో పోయడం, తర్వాత తెర వెనక బావమరిది గేదెలా అరవడం, చివరికి పక్కింటివాళ్ల గేదెను తోలుకొచ్చారని ఆ పక్కింటామే తగవుకు రావడం. మూడు మెట్లు చాలు. నాలుగోది పెడితే సాగుతుంది.

రాసేటప్పుడు ఎక్కువమంది పట్టించుకోనిది మాటల వరస. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి నవ్వించే మాట మధ్యలో కూరుకుపోతుంది. "ఏందల్లుడా, పొద్దున గేదె ఏమిచ్చింది?" అని మామ అడిగాడనుకోండి. "రెండు ప్యాకెట్లు ఇచ్చింది మామా" అని రాస్తే, జనం "ప్యాకెట్లు" దగ్గరే నవ్వడం మొదలుపెడతారు, నటుడు ఇంకా "ఇచ్చింది మామా" అంటూ ఆ నవ్వును తొక్కేస్తుంటాడు. "రెండిచ్చింది మామా... ప్యాకెట్లు" అని తిప్పండి. మన ఇళ్లలో మాట్లాడే తీరు కూడా అదే. స్క్రిప్టు మొత్తం ఈ ఒక్క కంటితో ఇంకోసారి చదవండి, ఇరవై ముప్పై చోట్ల మార్పు పడుతుంది. ఆ తర్వాత వచ్చే డైలాగు మొదటి రెండు మూడు మాటలు వినపడకపోయినా నష్టం లేనివై ఉండాలి: "అంటే... అది కాదు మామా..." నవ్వులో అవి కొట్టుకుపోయినా కథ పోదు. కథకు అవసరమైన పేరు, లెక్క మాత్రం నవ్వు వెనకే ఎప్పుడూ పెట్టకండి.

నవ్వు వచ్చినప్పుడు నటుడు ఆగాలి, కానీ చచ్చుబడి నిలబడకూడదు. చేతిలో గ్లాసు నోటి దాకా పోయి అక్కడే ఆగిపోవాలి, లేదా భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకోవాలి. నవ్వు పైకి లేచి, తగ్గుతూ మూడో వంతుకు వచ్చినప్పుడు తర్వాతి మాట ఎత్తుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే చప్పబడుతుంది. క్లోజప్ చేసే పనంతా ఇక్కడ ఒళ్లే చేయాలి. మన నెల్లూరు జిల్లా రమణారెడ్డిని తలుచుకోండి, ఆ సన్నటి మనిషి భుజాలు, చేతులు, నడక దూరం నుంచి కూడా మాట్లాడేవి.

చదివేటప్పుడు గడియారం పెట్టుకోండి. గట్టిగా చదివితే 34, 35 నిమిషాలు వచ్చే స్క్రిప్టు, కదలికలూ నవ్వులూ కలిపి స్టేజీ మీద 45కు చేరుతుంది. చదవడానికే 45 పట్టిందంటే కోయాల్సిందే.

సెట్టింగుకు వీధి తలుపు, వంటింటి తలుపు, పెరటి దారి ఉంటే చాలు. పక్క గోడ తలుపు బయటికి తెరుచుకోవాలి, బందులు స్టేజీ వెనకవైపు అంచుకు ఉండాలి. అప్పుడు వచ్చే మనిషి జనానికి ముందే కనబడతాడు, రెక్కే తెర వెనక భాగాన్ని కప్పేస్తుంది. తలుపు ఢామ్మని వేస్తే గోడ మొత్తం ఊగడం పెద్ద తలనొప్పి. ఒక్కో ఫ్లాటుకు (గోడగా నిలబెట్టే చట్రానికి) వెనక ఏటవాలు కర్ర కొట్టి, దాని కాలు మీద రెండు ఇసుక మూటలు వేయండి.

ఇక మైకులు. ఆరుబయట కామెడీ చెడేది ఎక్కువగా వీటివల్లే. స్టాండు మైకులైతే స్టేజీ ముందు అంచున మూడు పెట్టండి, కింద మందపాటి స్పాంజి ముక్క వేయండి. లేకపోతే బల్లల మీద అడుగుల చప్పుడు మాటల్ని మింగేస్తుంది. స్పీకరు బాక్సులు మైకుల కంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. వెనక్కి జరిగితే కుయ్యిమని కూత పెడుతుంది, ఆపరేటరు భయపడి సౌండు తగ్గిస్తాడు, చివరి వరసకు పంచ్ అందదు. కాలర్ మైకులు పెడితే కౌగిలింతలు, వీపు మీద దెబ్బలు ఉన్న సీన్లలో వాటిని ఛాతీ మధ్య నుంచి పక్కకు జరిపి, వైరును బట్టకు టేపుతో అంటించండి. ఆపరేటరు చేతిలో స్క్రిప్టు ఉండాలి, ఎవరి మైకు ఎప్పుడు తెరవాలో గీతలు పెట్టి ఇవ్వండి. "టొయ్యిమనే" ఎఫెక్టులు నాటిక మొత్తానికి మూడు నాలుగు మించొద్దు. అరసెకను ఆలస్యమైతే ఉన్న నవ్వు కూడా పోతుంది. రికార్డు చేసిన నవ్వులు అసలు వద్దు, జనం నవ్వుకు అవి అడ్డం.

లైటింగు తెల్లగా, నిండుగా ఉండాలి. రంగులు మార్చొద్దు.

మీ సొంత యాసలోనే ఆడండి. "ఏందబ్బా", "వస్తుండా", "ఎట్టా" అన్నవి మీ నోట సహజంగా వస్తాయి, కానీ యాసనే జోకుగా చేయకండి. సొంతూరి జనం ముందు అది గుచ్చుకుంటుంది. లావు, నలుపు మీద మాటలు, మగవాడికి చీర కట్టించి నవ్వించడం పన్నెండు నిమిషాల స్కిట్టులో గడిచిపోతాయేమో గానీ, 45 నిమిషాలు కథను మోయలేవు. ఆడవేషం ఆడమనిషికే ఇవ్వండి, పక్కింటామె తగవు అప్పుడే పండుతుంది.

టీవీలో వచ్చిన స్క్రిప్టును ఉన్నదున్నట్టు ఆడాలంటే 1957 కాపీరైటు చట్టం ప్రకారం మామూలుగా హక్కుదారు అనుమతి కావాలి; టికెట్టు లేకుండా ఔత్సాహిక బృందం ఆడే ప్రదర్శనకు మాత్రం అందులో మినహాయింపు ఉంది. తరహా తీసుకుని కథ, మాటలు మీవే రాసుకుంటే ఆ ఇబ్బంది లేదు.

రిహార్సళ్లకు మూడు వారాలు పెట్టుకోండి. పదిహేనో రోజుకు, అప్పటిదాకా నాటిక చూడని పదిమందిని కూర్చోబెట్టి, వాళ్లు నవ్విన చోటల్లా ఒకరు మార్జిన్లో గీత పెట్టాలి. మూడు పేజీలు వరసగా గీత లేకుండా పోతే అక్కడ కథ ఆగిపోయిందన్నమాట. రోజూ వినే మీ జట్టు నవ్వును లెక్కలోకి తీసుకోవద్దు. ఆ రోజు తర్వాత ఎవరూ సొంత పంచ్‌లు కలపకూడదని గట్టిగా చెప్పండి. ఒకరు కలిపితే ఎదుటివాడి క్యూ (తన మాట ఎత్తుకోవడానికి గుర్తుపెట్టుకున్న మాట) పోతుంది, అతను తడబడతాడు.

చివరిగా టైము. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదన్నది నిబంధన, పండగ రోజుల మినహాయింపు ఉందో లేదో పోలీసు పర్మిషన్ అడిగేటప్పుడే తెలుసుకోండి. తిరునాళ్లలో సన్మానాలు ఆలస్యమవడం మామూలే, కాబట్టి మీ నాటికను 8 గంటలకే, సన్మానాల కంటే ముందు వేయించమని కమిటీతో ఇప్పుడే మాట్లాడండి.