డ్రిల్లు మాస్టారి జవాబులు: మొదటి పేజీ ఎదుటి జట్టుదే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాడుండే ఊళ్ళో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. అయిదో అంచె లీగులో ఆడుతుందట. శనివారాలు మ్యాచ్‌కి వెళ్ళి, అక్కడ అమ్మే పుస్తకం పేజీలు ఫొటో తీసి నాకు పంపుతాడు. మొదటి పేజీలో ఎదుటి జట్టుకు స్వాగతం ఉంటుంది. తర్వాతి పేజీలో ఎవరు వెళ్ళారు, ఎవరు కొత్తగా వచ్చారు అని రాస్తారు. మూడు వారాల్లో నలుగురు మారారు. వాడికి బాగా నచ్చిన గోల్‌కీపర్ కూడా వెళ్ళిపోయాడని దిగులుగా ఉన్నాడు. క్లబ్బు పరిస్థితి బాగాలేదా? అయినా, ఓడించాల్సిన వాళ్ళకి స్వాగతం చెప్పడం ఏమిటండీ? ఆ పేజీలు జతచేశాను.
— ఒక తండ్రి, ముమ్మిడివరం

జవాబు: ముందు మీ వాడికి ధైర్యం చెప్పండి. క్లబ్బుకేం కాలేదు. ఆ అంచెలో మనుషులు మారుతూనే ఉంటారు.

ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పైన ప్రీమియర్ లీగ్, 20 జట్లు. దాని కింద మూడు డివిజన్లు, ఒక్కోదాంట్లో 24 జట్లు. మీ వాడు చూసేది ఆ తర్వాతి మెట్టు. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ, పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చే ఆటగాళ్ళు ఎక్కువ. పెద్ద క్లబ్బులు వేసవిలోనూ జనవరిలోనూ మాత్రమే ఆటగాళ్ళను కొనుక్కోవాలి. కింది అంచెల్లో క్లబ్బులు తమలో తాము సీజన్ మధ్యలో కూడా, మార్చి దాకా, మార్చుకోవచ్చు. కాంట్రాక్టు లేని ఆటగాడు కావాలంటే, అతని క్లబ్బుకు రాతపూర్వకంగా 7 రోజుల నోటీసు ఇచ్చి అప్పుడు మాట్లాడాలి. అంటే కిందటి శనివారం మన తరఫున గోల్ కొట్టినవాడు రెండు వారాలు తిరిగేసరికి పక్క ఊరి జెర్సీ వేసుకోవచ్చు.

ఇక లోను సంగతి. మా ఉపాధ్యాయులకు డిప్యుటేషన్ ఉంటుంది కదా, అచ్చం అలాంటిదే. పోస్టు ఒక బళ్ళో, పాఠం ఇంకో బళ్ళో. పెద్ద క్లబ్బులో చోటు దొరకని కుర్రాణ్ణి ఆటలో పదునెక్కడానికి ఒక నెలకో, సీజన్‌కో చిన్న క్లబ్బుకు పంపుతారు. పెద్ద క్లబ్బులో కీపర్‌కి దెబ్బ తగిలిందంటే ఆ కుర్రాణ్ణి వెంటనే వెనక్కి పిలుస్తారు. మీరు పంపిన పేజీ చూస్తే మీ వాడి కీపర్ కూడా అలా వెళ్ళినవాడే, ‘లోను ముగిసింది’ అని రాసి ఉంది. అది అతనికి మంచి కబురు. మీ వాణ్ణి సంతోషించమనండి.

ఈ అంచెల నుంచి పైకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జేమీ వార్డీని 16 ఏళ్ళ వయసులో ఒక పెద్ద క్లబ్బు వద్దంది. ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ చిన్న క్లబ్బులో ఆడాడు. అక్కడినుంచి హాలిఫాక్స్, తర్వాత ఫ్లీట్‌వుడ్, 2012లో లెస్టర్ సిటీ. 2016లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అతను ఒక్కో క్లబ్బు వదిలినప్పుడల్లా ఏదో ఒక ఊళ్ళో ఒక కుర్రాడు మీ వాడిలాగే దిగులుపడే ఉంటాడు.

స్వాగతం మాట కొస్తాను. చిన్న క్లబ్బు బతికేది గేటు దగ్గర వచ్చే డబ్బుల మీద. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్ టీవీల్లో ఫుట్‌బాల్ ప్రత్యక్షంగా చూపించకూడదన్న నియమం చాలా ఏళ్ళుగా ఉంది. జనం ఇంట్లో కూర్చోకుండా ఊళ్ళోని గ్రౌండుకి వెళ్ళాలనే ఆ నియమం. అక్కడి మ్యాచ్ 3 గంటలకంటే, చలికాలంలో మనకు రాత్రి 8:30. మీరు అన్నం తినే వేళకి ఎవరో మూడు గంటలు బస్సులో కూర్చుని, టిక్కెట్టు కొనుక్కుని, చలిలో నిలబడి తమ ఊరి జట్టు కోసం అరుస్తుంటారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని పలకరించకుండా ఎలా ఉంటాం? ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళిచ్చే జిల్లా మనది, మీకు నేను చెప్పాలా? పైగా ఆ పేజీలో, ఒకప్పుడు తమకు ఆడి ఇప్పుడు ఎదుటి జట్టులో వచ్చిన ఆటగాణ్ణి పేరు పెట్టి పలకరించారు. నాకది ఎంతో నచ్చింది.

రెండో పేజీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. వెళ్ళినవాడి పేరు ముందు రాశారు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో లెక్క, ధన్యవాదాలు. ఆ తర్వాతే కొత్తవాడి పేరు.

యానాం–ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో మా బడి పిల్లల్ని పంటు మీద గోదావరి దాటించి కాకినాడ పోటీలకు తీసుకెళ్ళేవాణ్ణి. ఒక ఏడాది, బయలుదేరే ముందురోజు రాత్రి గోల్‌కీపర్‌ని మార్చాలని నిర్ణయించుకున్నాను. పాతవాడికి కబురు చెయ్యలేదు. తెల్లారి రేవులో పేర్లు చదివాను. వాడి పేరు లేదు. బూట్ల లేసులు ముడేసి మెడలో వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. పంటు కదిలి, అవతలి ఒడ్డు దగ్గరపడేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ గ్రౌండుకి రాలేదు. ఆటపరంగా ఆ మార్పు సరైనదే, కొత్త కుర్రాడు బాగా పట్టాడు. కానీ ముందురోజు సాయంత్రమే వాడింటికి సైకిలు మీద వెళ్ళి చెప్పాల్సింది. పది నిమిషాల దారి. మీ వాడు పంపిన పేజీ చూసినప్పుడు నాకు ఆ రేవే గుర్తొచ్చింది.

మీ వాణ్ణి ఆ పుస్తకాలు దాచుకోమనండి. 2018 నుంచి ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లలోనే అది అచ్చువెయ్యడం తప్పనిసరి కాదన్నారు. చిన్న క్లబ్బు ఇంకా వేస్తోందంటే ఎవరో కష్టపడుతున్నారు.

ప్రశ్న: మన తెలుగు నేల మీద ఫుట్‌బాల్ ఎప్పుడైనా వెలిగిందా?
— ఇంటర్ విద్యార్థిని, నరసాపురం

జవాబు: వెలిగిందమ్మా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నువ్వు ఆడుతున్నావా? ఆడుతుంటే ఏ స్థానంలోనో రాయి.

ప్రశ్న: మాస్టారూ, సంక్రాంతికి మా ఊళ్ళో ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నాం. మొదట్లో పది జట్లు వచ్చేవి, కిందటేడు నాలుగే. ప్రైజ్ మనీ పెంచినా లాభం లేదు. అద్దె ఆటగాళ్ళ గొడవలు ఒకటి. ఏం చెయ్యమంటారు?
— యువజన సంఘం సభ్యుడు, రాజోలు దగ్గర

జవాబు: మీ కరపత్రం చూశాను. సెమీఫైనల్స్ కనుమ నాడు పెట్టారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఏ తల్లి పంపుతుంది నాయనా పిల్లాణ్ణి పొరుగూరికి? బయటి జట్ల మ్యాచ్‌లు భోగికి ముందే ముగించండి, లేదా ముక్కనుమ తర్వాత పెట్టండి.

అద్దె ఆటగాళ్ళను ఆపలేరు. దాచకుండా చేయండి. జట్టుకు ముగ్గుర్ని ఒప్పుకుంటామని ముందే రాయండి. పేర్ల జాబితా ముందురోజు సాయంత్రానికి ఇవ్వాలి, మ్యాచ్‌కి గంట ముందు దాకా ఇద్దర్ని మార్చుకోవచ్చు, ఇద్దరు కెప్టెన్లూ సంతకం పెట్టాలి. పేరు తీసేసిన కుర్రాడికి ఆ సంగతి కెప్టెనే స్వయంగా చెప్పాలన్నది కూడా నియమంగా పెట్టండి. ఇది నా కోరిక.

పాలకొల్లు వైపు జట్లు చించినాడ వంతెన దాటి వస్తాయి. బస్సు దిగే చోట మీ వాళ్ళిద్దరు ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి ఒక గది, తాగడానికి నీళ్ళు, విరామంలో బొండాలు. మన కొబ్బరితోటల్లో వాటికేం కరువు? మైకులో దాతల పేర్లు అరగంట చదువుతున్నారు. అంతకన్నా ముందు వచ్చిన జట్టు పేరు, ఊరి పేరు, ఆటగాళ్ళ పేర్లు చదవండి. కోసిన చేలో ఆడిస్తుంటే కొయ్యకాళ్ళు చెక్కించండి. బూట్లు లేని పిల్లల పాదాలు చీరుకుపోతాయి.

మొదటి మ్యాచ్ తేదీ ఖాయం కాగానే రాయండి. నేనూ వస్తాను. వచ్చిన జట్ల పేర్లు చదివే పని నాకివ్వండి.