రంగులు ఫైలులో ఉండవు

ప్రశ్న: టెర్మినల్‌లో పైథాన్ ఫైళ్లను చూడడానికి, ఫైలును ఉన్నదున్నట్టు చూపే క్యాట్ బదులు, కోడ్‌కు రంగులు వేసి చూపే పిగ్మెంటైజ్ వాడుతున్నాను. రంగులు చక్కగా వస్తున్నాయి. అయితే పెద్ద ఫైలు విషయంలో దాని అవుట్‌పుట్‌ను పేజీలవారీగా చూపే లెస్‌కు పైప్ చేస్తే, అంటే నేరుగా పంపితే, రంగులు పోయి, ప్రతి పదం పక్కనా ‘ఈఎస్‌సీ’ అన్న అక్షరాలు, చదరపు బ్రాకెట్, ఏవో అంకెలు కనిపిస్తున్నాయి. ఫైలు పాడైందా? ఇంతకంటే మంచి పద్ధతి ఉందా?

జవాబు: మీ ఫైలుకేమీ కాలేదు. పిగ్మెంటైజ్ ఫైలును చదివి, ఏది కీవర్డో, ఏది కామెంటో విడదీసి, ఒక్కొక్కదాని ముందు టెర్మినల్‌కు మాత్రమే అర్థమయ్యే సంకేతాన్ని చేర్చి పంపుతుంది. ఉదాహరణకు ఎస్కేప్ అక్షరం, అంటే ఆస్కీ అక్షర పట్టికలో 27, ఆ తరువాత ఎడమ చదరపు బ్రాకెట్, 31, చిన్న ఎమ్ వరుసగా వస్తే టెర్మినల్ అక్కడి నుంచి ఎరుపులో రాస్తుంది. 31 స్థానంలో 0 వస్తే మామూలు రంగుకు తిరిగి వస్తుంది. లెస్ మాత్రం ఇలాంటి కంట్రోల్ అక్షరాలను టెర్మినల్‌కు యథాతథంగా అందించక, కంటికి కనిపించే రూపంలోకి మార్చి చూపిస్తుంది. మీరు చూసిన గజిబిజి అదే. లెస్ పక్కన మైనస్ క్యాపిటల్ ఆర్ చేర్చితే రంగు సంకేతాలు సాఫీగా దాటిపోతాయి. చిన్న ఆర్ కూడా ఉంది గాని, అది అన్ని కంట్రోల్ అక్షరాలనూ టెర్మినల్‌కు యథాతథంగా పంపేస్తుంది కనుక తెర చెదిరిపోవచ్చు. దాని జోలికి పోకండి.

రోజూ ఈ పని చేసేవారికి నేను సూచించేది బ్యాట్. రస్ట్ భాషలో రాసిన ఈ ప్రోగ్రామ్ రంగులతో పాటు లైన్ నంబర్లు వేస్తుంది, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉన్న ఫైలైతే మారిన లైన్లకు అంచున గుర్తు పెడుతుంది, ఫైలు తెరకు పట్టకపోతే తానే లెస్‌ను పిలుస్తుంది. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో బ్యాట్ అన్న పేరు మరో ప్యాకేజీతో తగువు పడినందున కమాండ్ బ్యాట్‌క్యాట్‌గా వచ్చింది. ఇన్‌స్టాల్ చేశాక కమాండ్ దొరకలేదని వచ్చే ఫిర్యాదులకు చాలావరకు ఇదే కారణం.

బ్యాట్ అవుట్‌పుట్‌ను మీరే పైప్ చేస్తే రంగులు రావు. అవతల ఉన్నది టెర్మినల్ కాదని గ్రహించి అది సాదా పాఠ్యాన్నే పంపుతుంది. రంగులు కావాలంటే కలర్ ఆప్షన్‌కు ‘ఆల్వేస్’ అని ఇవ్వాలి. నా దృష్టిలో ఇది లోపం కాదు, మర్యాద: పిగ్మెంటైజ్ అవుట్‌పుట్‌ను మరో ఫైలులోకి మళ్లిస్తే రంగు సంకేతాలు కూడా అందులో చేరిపోతాయి, ఆ ఫైలును పైథాన్ నడపలేదు.

ఎక్స్‌టెన్షన్ లేని ఫైలుకు రంగులు రాకపోతే, పిగ్మెంటైజ్, బ్యాట్ రెండింటిలోనూ మైనస్ ఎల్ తరువాత భాష పేరు ఇవ్వండి. గిగాబైట్ల లాగ్ ఫైళ్లకు మాత్రం రంగుల ఊసెత్తక నేరుగా లెస్‌తోనే తెరవండి. ఫైలంతా చదవకుండానే అది మొదటి పేజీని చూపిస్తుంది.