పెపెరోని సంగతి, పిప్పళ్ల సంగతి

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను, జర్మనీ సూపర్ మార్కెట్లో పెపెరోని అని రాసుంటే పిజ్జా మీద వేసే మాంసం సాసేజ్ అనుకుని సీసా కొన్నావు, తీరా మూత తీస్తే వెనిగర్లో నానేసిన పచ్చిమిరపకాయలు. పోన్లే, గుంటూరు పిల్లవి, పారేసి ఉండవు. ఇప్పుడు ఆ మాట మీద మీ ఉగాది సంచికకి వ్యాసం రాస్తానంటున్నావు, ఎక్కడ మొదలుపెట్టాలి పెదనాన్నా అన్నావు కదా.

ముందు మాట వదిలేసి సరుకు పట్టుకో. ఏ కాలంలో ఏ వస్తువుని ఆ పేరుతో అమ్మారు అన్నది చూడు. అది చూడకుండా చెవికి ఒకేలా వినపడ్డాయని జత చేస్తే పప్పులో కాలేసినట్టే. చిలీ దేశానికీ చిల్లీకీ సంబంధం లేదు, చిల్లీ అనేది మెక్సికోలో నాహువాట్ల్ మాట్లాడేవాళ్ల మాట.

నీ పెపెరోనికి ముత్తాత మనింట్లోనే ఉంది. దగ్గొస్తే మీ నానమ్మ శొంఠి, మిరియాలతో కలిపి దంచేది చూడు, ఆ పిప్పళ్లు. సంస్కృతం పిప్పలి గ్రీకులో పెపెరి, లాటిన్లో పిపెర్, అక్కణ్ణించి ఇంగ్లీషు పెప్పర్, జర్మన్ ఫెఫర్, నీ పెపెరోని కూడా. మరి పిప్పళ్ల పేరు మిరియాలకెందుకు పోయింది? రోమ్‌లో ప్లినీ అనే పాతకాలం రచయిత రాసిన ధరలు చూడు, పిప్పళ్లు పౌను బరువుకి 15 దెనారీలు, అంటే వాళ్ల వెండి నాణేలు, నల్ల మిరియాలు 4. మలబారు మిరియాలు ఓడల్లో కుప్పలుగా దిగాయి, చవకది జనంలోకి పోయింది, పేరు దానికే ఉండిపోయింది. 408లో గోతు జాతి రాజు అలారిక్ రోమ్‌ని ముట్టడించి అడిగిన వాటిల్లో 3,000 పౌన్ల మిరియాలు కూడా ఉన్నాయి, అంత మోజు వాళ్లకి.

1492లో కొలంబస్ బయల్దేరింది కూడా ఇలాంటి సరుకు కోసమే, దొరికింది మాత్రం మిరపకాయ, దానికీ మిరియం పేరే తగిలించేశారు. స్పెయిన్లో మిరియం పిమియెంతా, మిరపకాయ పిమియెంతో. ఇది మాత్రం పిప్పలి వంశం కాదమ్మా, లాటిన్లో రంగు అనే అర్థమున్న పిగ్మెంటుమ్ నుంచి వచ్చింది, రెండూ కలిపెయ్యకు. క్రొయేషియా వాళ్లు మిరియాన్ని పాపర్ అంటారు, దాని ముద్దుపేరే పాప్రికా, హంగరీ వాళ్లు కాయకీ కారానికీ అదే వాడతారు, మీ జర్మన్లకేమో పాప్రికా అంటే క్యాప్సికం. ఇటలీలో పెపెరోని పిజ్జా అడిగితే క్యాప్సికం ముక్కలేసి తెస్తారు, సాసేజ్‌కి ఆ పేరు పెట్టింది అమెరికాలో.

వాళ్లని చూసి మనం నవ్వక్కర్లేదులే, మనం చేసిందీ అదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చేదాకా మనకి కారమంటే ముఖ్యంగా మిరియమే. కొత్త కాయ రాగానే తమిళులు మిళగు నుంచి మిళగాయ్, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి, మనం మిరియం వైపు నుంచి మిరపకాయ. ఇవాళ మన మిర్చి యార్డులో తేజ, 334 రకాలంటూ మిరప బస్తాలు టిక్కీలు టిక్కీలు దిగుతాయా, ఆ పేరు మాత్రం మన జిల్లా పొలాల్లో పండని మిరియానిది, నాకు ఇదే భలే ముచ్చటగా ఉంటుంది.

ఇంకోటి, పేరులో ఊరు కనపడితే అక్కణ్ణించే వచ్చిందని రాసెయ్యకు. జపాన్ వాళ్లు మిరపకాయని తోగరాషి అంటారు, తో అంటే చైనా, కానీ పరాయి దేశం సరుకు ఏదైనా వాళ్లు అలా అనేసేవాళ్లు. క్యాప్సికంకేమో పీమన్, అది ఫ్రెంచి పిమాఁ, మళ్లీ ఆ రంగు మాట పిగ్మెంటుమ్ వంశమే.

కాగితం మీద మూడు గళ్లు గీసుకో, మాట, సరుకు, కాలం, దేనికైనా కాలం దొరక్కపోతే ఖాళీగా ఉంచు కానీ ఊహతో నింపకు. తెలుగుకి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు ముందు చూడు. సంస్కృతం మరీచం నుంచి మిరియమా, మన వైపు మాటే సంస్కృతంలోకెళ్లిందా అన్నదాని మీద పండితులకే పొసగదు, నువ్వు తీర్పు చెప్పకు, రెండు వాదనలూ రాసి ఊరుకో.

మీ వీధి చివర టర్కీ వాళ్ల కొట్టుందన్నావుగా, వాళ్లకి బిబెర్ అంటే మిరపకాయ, మిరియం కావాలంటే కరాబిబెర్ అనాలి, అంటే నల్ల బిబెర్. నువ్వు పేరు చెప్పకుండా సరుకు వేలితో చూపించి ఇదేంటని అడుగు, డబ్బా మీద రాసింది ఫోటో తీసి పంపించు. అన్నట్టు సంచికకి ఎప్పటిలోగా ఇవ్వాలో చెప్పనే లేదు నువ్వు.

పెదనాన్న
గుంటూరు